మామునూరు చరిత్రలో రైతు పేరు ఎక్కడ?

మామునూరు విమానాశ్రయం గురించి ఈ మధ్య పత్రికల్లో రాని రోజు లేదు. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, దిగిన ప్రయాణికుడు వేయి స్తంభాల గుడికి ఎట్లా పోవాలి, రామప్పకు ఎంత దూరం, మేడారం జాతరకు ఏ తొవ్వ అని వివరంగా రాస్తున్నారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి దేశ విదేశాల నుంచి జనం వస్తారని, ఓరుగల్లు దశ తిరుగుతుందని అంటున్నారు. రానివ్వండి, మంచిదే. మన ఊరి గుడి చూడటానికి నలుగురు వస్తే మనకు సంతోషమే.

కానీ ఆ చరిత్ర మొత్తం చదివినా ఒక్క మాట కనబడదు. విమానం దిగే నేల ఎవరిది? ఆ నేల ఎన్నిసార్లు చేతులు మారింది? ఒకప్పుడు ఉన్నంత భూమి ఇప్పుడు ఎందుకు లేదు? అది లేనందుకు ఇప్పుడు ఎవరు తమ చెలకలు వదులుకోవాల్సి వచ్చింది? వరంగల్ జిల్లా రైతులకే కాదు, రేపు విమానాశ్రయం వస్తుందని వింటున్న ప్రతి జిల్లా రైతుకూ ఈ ప్రశ్నలు అవసరం. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాం.

1,875 ఎకరాల కథ

మామునూరు విమానాశ్రయాన్ని 1930లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టారు. వరంగల్–ఖమ్మం రహదారి పక్కన, నగరానికి కూతవేటు దూరంలో ఉంటుంది. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు వంటి పరిశ్రమల రాకపోకలకు పనికొచ్చిందని పెద్దలు చెబుతారు. చైనా యుద్ధం రోజుల్లో ప్రభుత్వ విమానాలను ఇక్కడ భద్రపరిచారని కూడా అంటారు. అప్పట్లో దాని కింద ఉన్న భూమి 1,875 ఎకరాలు. 1981లో అది మూతపడింది.

ఇక్కడే ఆగి ఒక లెక్క వేసుకుందాం. ఈ కొత్త భూసేకరణకు ముందు విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలో మిగిలి ఉన్నది 696 ఎకరాలు. 1,875లోంచి 696 తీసేస్తే 1,179 ఎకరాలు. అంటే ప్రతి మూడు ఎకరాల్లో దాదాపు రెండు ఎకరాలు విమానాశ్రయం చేతి నుంచి జారిపోయాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్క అవసరం పేరు చెప్పి ప్రభుత్వాలే ఆ భూమిని పంచిపెట్టాయి. మామునూరు పోతే ఈ రోజు పోలీసు శిక్షణ కళాశాల, నాలుగో బెటాలియన్, పశువైద్య కళాశాల, నవోదయ విద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం కనబడతాయి. ఇవి అక్కరలేనివని మేము అనడం లేదు. కృషి విజ్ఞాన కేంద్రానికి మనమే విత్తనాల కోసం, సలహాల కోసం పోతాం. మేము అడిగేది ఒక్కటే. విమానాశ్రయం మళ్లీ కావాల్సి వస్తుందని తెలిసి కూడా దాని భూమిని పంచిపెట్టింది ప్రభుత్వం. ఇప్పుడు తక్కువ పడిన భూమిని నింపాల్సింది ఎవరు?

జవాబు మనకు తెలుసు. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి రైతులు. 253 ఎకరాలు కావాలన్నారు. చిన్న ఏటీఆర్ విమానాలు సరిపోవని, ఎయిర్‌బస్ 320 రకం పెద్ద విమానాలు దిగాలని, దానికి రన్‌వే పొడిగించాలని చెప్పారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం భూసేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం పచ్చజెండా ఊపింది. మిఠాయిలు పంచుకున్నారు, ఫ్లెక్సీలు కట్టారు. ఈ ఘనత మాదంటే మాదని పార్టీల కార్యకర్తలు పోటీపడ్డారు. ఆ ఫ్లెక్సీల మీద నాయకుల బొమ్మలన్నీ ఉన్నాయి. భూమి ఇచ్చే రైతు బొమ్మ మాత్రం లేదు.

కంపెనీకి ఒప్పందం, రైతుకు నోటిమాట

ఇన్నేళ్లు మామునూరు ఎందుకు ఆగిందో కూడా గుర్తు చేసుకోవాలి. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన కంపెనీతో 2004లో ఒప్పందం రాసుకున్నారు. చుట్టూ 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల దాకా పోటీగా మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదన్నది అందులో షరతు. మామునూరు ఆ గీత లోపల పడింది. ఆ కంపెనీ అభ్యంతరం లేదని చెప్పాకే ఫైలు కదిలింది.

మేము ఆ కంపెనీని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వ్యాపారం చేసేవాడు తన పెట్టుబడికి కాగితం మీద హామీ రాయించుకుంటాడు. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది. అయినా ఆ కాగితానికి అందరూ కట్టుబడ్డారు. మంచిదే. మరి భూమి పోయే రైతుకు అంత గట్టి కాగితం ఎందుకు దొరకదు? కంపెనీకి 25 ఏళ్ల ఒప్పందం ఉంటుంది. రైతుకు గ్రామసభలో మైకు ముందు చెప్పిన మాట ఉంటుంది. కలెక్టరు బదిలీ అయితే ఆ మాటా బదిలీ అయిపోతుంది.

ధర ఎట్లా పెరిగిందో చూడండి

205 కోట్లను 253 ఎకరాలకు పంచితే సగటున ఎకరానికి 81 లక్షలు పడుతుంది. వరంగల్ నగరం అంచున, జాతీయ రహదారి దగ్గర, విమానాశ్రయం వస్తుందన్న వార్తతో రోజుకో రేటు పలికే చోట అది న్యాయమైన ధర కాదని రైతులు మొదటి నుంచీ చెప్పారు. రోడ్డెక్కారు, సర్వేను అడ్డుకున్నారు, చర్చలకు కూర్చున్నారు. ఆ తర్వాతే వ్యవసాయ భూమికి ఎకరాకు 1.20 కోట్ల ధర ముందుకొచ్చింది.

ఈ పెరుగుదల ఎవరి దయ వల్లా రాలేదు. ఒక్కొక్కరుగా ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వచ్చి ఉంటే 81 లక్షల దగ్గరే లెక్క ముగిసేది. ఊరంతా ఒక మాట మీద నిలబడితే ధర కదులుతుందని నక్కలపల్లి చూపించింది. మన సంఘం సభ్యులు ఈ సంగతిని మరిచిపోకూడదు.

అయితే 1.20 కోట్లతో కథ సుఖాంతమని అనుకోవద్దు. ఎకరం పోయిన రైతు ఆ డబ్బుతో అదే చుట్టుపక్కల ఎకరం కొనగలడా? విమానాశ్రయం రాగానే పక్క భూమి ధరకు రెక్కలొస్తాయి. భూమి ఇచ్చిన రైతుకు పాత ధర, పక్కనే ప్లాట్లు వేసేవాడికి కొత్త ధర. శంషాబాద్ చుట్టూ జరిగింది ఇదే. 2008లో అక్కడ విమానాలు ఎగరడం మొదలయ్యాక చుట్టూ పెరిగిన విలువలో భూమి ఇచ్చినవాళ్లకు ఏం దక్కిందో ఆ ఊళ్లవాళ్లనే అడగండి.

చట్టం ఏం చెబుతోంది

భూమి పోయేముందు ప్రతి రైతూ 2013 భూసేకరణ చట్టంలోని నాలుగైదు విషయాలు తెలుసుకోవాలి. వీటిని కత్తిరించి పెట్టుకోమని కోరుతున్నాం.

మొదటిది, మార్కెట్ విలువ. దాన్ని లెక్కగట్టాక గ్రామీణ ప్రాంతంలో 1 నుంచి 2 వరకు గుణకంతో హెచ్చించాలి. ఆ మొత్తానికి, బావులు, చెట్లు, కట్టడాల విలువ కూడా కలిపి, దానికి సమానంగా నూటికి నూరు శాతం పరిహారపు అదనం ఇవ్వాలి. పట్టణ ప్రాంతమైతే గుణకం 1 మాత్రమే. ఊరిని కార్పొరేషన్‌లో కలిపినప్పుడు మనకు పన్ను పెరిగింది, ఉపాధి హామీ పని పోయింది. భూమి పోయేటప్పుడు గుణకం కూడా తగ్గుతుంది. కలిపే రోజున ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది, సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి అవార్డు ఇచ్చే రోజు దాకా, లేదా భూమిని స్వాధీనం చేసుకునే రోజు దాకా, ఏది ముందైతే అప్పటివరకు, మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా కలవాలి.

మూడోది, పరిహారం పూర్తిగా చెల్లించాకే భూమి స్వాధీనం చేసుకోవాలి. డబ్బు తర్వాత ఇస్తాం, ముందు చదును చేయనివ్వండి అంటే ఒప్పుకోవద్దు. పైరు మీద జేసీబీ దిగాక బేరం చేసే బలం మనకు ఉండదు.

నాలుగోది చాలా ముఖ్యం. అధికారులు తెచ్చే కాగితం మామూలు అవార్డా, లేక ఇష్టపూర్వక ఒప్పందమా అన్నది చదివించుకోండి. తెలంగాణ చట్టానికి చేసిన సవరణతో ఒప్పందం ద్వారా భూమి తీసుకునే పద్ధతి ఉంది. దానివల్ల డబ్బు త్వరగా చేతికొస్తుంది, నిజమే. కానీ ఆ కాగితం మీద సంతకం పెడితే ఎక్కువ పరిహారం కోరే దారి దాదాపు మూసుకుపోతుంది. మామూలు అవార్డు అయితే అభ్యంతరంతో డబ్బు తీసుకొని, పెంపు కోసం ప్రాధికార సంస్థ ముందుకు పోయే హక్కు ఉంటుంది. చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు.

ఐదోది, అసైన్డ్ భూమి. ప్రభుత్వం ఇచ్చిన పట్టా కదా, తిరిగి తీసుకుంటాం, ఏదో కొంత ఇస్తాం అంటే నమ్మవద్దు. ప్రజావసరానికి తీసుకుంటే పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. మన పల్లెల్లో అసైన్డ్ భూములు ఎక్కువగా దళిత, గిరిజన రైతులవే. వాళ్లకు తక్కువ ఇచ్చి సర్దుబాటు చేయడం పాత అలవాటు. దాన్ని సాగనివ్వకూడదు.

ఇంకొక మాట. ఈ చట్టం కింద వచ్చే పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. పన్ను పోతుందని భయపెట్టి మధ్యలో కమీషన్ అడిగేవాళ్లుంటే వాళ్లను ఊరి బయటే ఆపండి.

పట్టా లేనివాళ్ల సంగతి

పాసుపుస్తకం ఉన్నవాడికైనా ఎంతో కొంత డబ్బు వస్తుంది. ఆ నేలను నిజంగా దున్నేవాడు చాలాచోట్ల కౌలు రైతు. సాదా కాగితం మీద కొనుక్కొని ఇరవై ఏళ్లుగా సాగు చేస్తూ, పట్టా కాక తిరుగుతున్న రైతు. ధరణి పోయి భూభారతి వచ్చినా ఇంకా దరఖాస్తు పట్టుకొని నిలబడ్డ రైతు. పత్తి ఏరుకొని, మిరప కోసుకొని బతికే కూలి. వీళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

చట్టంలో మాత్రం ఉన్నాయి. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికిన కౌలుదారు, వ్యవసాయ కూలి కుటుంబాలు కూడా ‘బాధిత కుటుంబాలే’ అని 2013 చట్టం చెబుతోంది. పునరావాసం కింద ప్రాజెక్టులో ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా నెలకు 2,000 రూపాయలకు తగ్గకుండా 20 ఏళ్ల పాటు ఇవ్వాలని రెండో షెడ్యూలులో రాశారు. ఎకరాకు ఎంత అన్న బేరంలో పడి ఈ మాట ఎవరూ ఎత్తడం లేదు. పట్టాదారులకు కూడా మా విన్నపం ఇదే. మీ ధర కోసం కొట్లాడేటప్పుడు మీ భూమిని ఇన్నేళ్లు దున్నినవాడిని వదిలేయకండి. రేపు మీ ధర్నాలో కూర్చునేవాడు వాడే.

భూమి పోని రైతుకూ బాధే

సర్వే నంబరు జాబితాలో మన పేరు లేదు కదా అని ఊపిరి పీల్చుకునేవాళ్లు కూడా ఆలోచించాలి. రన్‌వే పొడిగితే ఊరి దారి తెగుతుంది. నక్కలపల్లి–గుంటూరుపల్లి రోడ్డు సంగతి అందుకే రైతులు మొదటి రోజు నుంచీ లేవనెత్తారు. పట్టణంవాడికి రోడ్డు తెగితే మరో రోడ్డుంటుంది. రైతుకు దారి తెగితే బాయి దగ్గరికి పోయే తొవ్వ పోతుంది, పశువులు మేతకు పోయే తొవ్వ పోతుంది, వడ్లు కల్లం నుంచి మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ కిరాయి రెట్టింపు అవుతుంది. కొత్త రోడ్డు వేసి, బండ్లు తిరగడం మొదలైనాకే పాత రోడ్డు మూయాలి. ఇది చిన్న కోరిక.

ఇంకోటి, విమానాశ్రయం చుట్టూ ఎత్తు మీద ఆంక్షలుంటాయి. ఇల్లు ఎంత ఎత్తు కట్టాలో అనుమతి తీసుకోవాలి. విమానం దిగే దారిలో అడ్డం అనుకుంటే చెట్లు కూడా కొట్టేయమనే అధికారం వాళ్లకుంది. తాటి చెట్టు మీద బతికే గీత కార్మికుడికి ఆ ఒక్క ఉత్తర్వు చాలు. పక్షులు రాకుండా చెత్త వేయడం మీద, పశువులను కోయడం మీద పది కిలోమీటర్ల లోపల కట్టడి ఉంటుంది. భద్రతకు ఈ నిబంధనలు అవసరమే. కానీ వీటివల్ల నష్టపోయేవాళ్ల లెక్క కూడా ముందే తీయాలి కదా.

రైతుకు లాభమేనా?

విమానాశ్రయం వస్తే రైతు పంట విదేశాలకు ఎగురుతుందని వేదికల మీద చెబుతున్నారు. ఎనుమాముల మార్కెట్‌కు ఏమొస్తుందో మనకు తెలుసు. పత్తి, మిరప, మక్కలు, పసుపు. పత్తి బేళ్లు విమానంలో పోవు. మిర్చి బస్తా కోల్డ్ స్టోరేజీకి పోతుంది, లారీ ఎక్కుతుంది, ఓడ ఎక్కుతుంది. విమానంలో పోయేది త్వరగా చెడిపోయే సరుకు, బరువు తక్కువ ధర ఎక్కువ ఉన్న సరుకు. పూలు, కొన్ని పండ్లు, కూరగాయలు, చేపలు. అవి పోవాలన్నా విమానాశ్రయం ఒక్కటే చాలదు. శీతల గోదాములు, గ్రేడింగ్, ప్యాకింగ్, పరీక్షల కేంద్రం ఉండాలి. వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాలంటే ముందు కావాల్సింది మార్కెట్‌లో తేమ పేరుతో కోత పెట్టకపోవడం, అమ్మిన రోజే డబ్బు చేతికి రావడం. వీటికి రన్‌వే అక్కర్లేదు.

కట్టిన విమానాశ్రయమైనా నడుస్తుందా అన్నదీ అడగాలి. చిన్న పట్టణాలకు విమానాలని 2017లో ఉడాన్ పథకం కింద సిమ్లాతో పాటు కడప, నాందేడ్‌లకు కూడా మొదలుపెట్టారు. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ నడిచినవి 112. ఆ గడువు తర్వాత కూడా 2023 మార్చి దాకా నిలబడినవి 54. మామునూరే ఒకసారి 1981లో మూతపడింది. మళ్లీ మూతపడితే ఆ 253 ఎకరాలు ఎవరి పాలవుతాయి? తీసుకున్న భూమిని ఐదేళ్లలో వాడకపోతే అసలు యజమానికి లేదా ప్రభుత్వ భూబ్యాంకుకు తిరిగి చేరాలని చట్టం 101వ సెక్షన్ అంటోంది. ఆ ‘లేదా’ అన్న మాట దగ్గరే రైతు ఓడిపోతాడు. ఆజంజాహి మిల్లు మూతపడ్డాక దాని స్థలం ప్లాట్లుగా అమ్ముడుపోయింది. పత్తి రైతుకు ఆ మిల్లు తిరిగి రాలేదు. ఆ అనుభవం మన కళ్ల ముందే ఉంది.

రేపు మన ఊరు

మామునూరుతో ఇది ఆగదు. ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, అంతర్గాం, కొత్తగూడెం, దేవరకద్ర పేర్లు ఎప్పటి నుంచో వినబడుతున్నాయి. ఆ జిల్లాల సభ్యులు ఉత్తరాంధ్రలోని భోగాపురం నుంచి ఒక పాఠం నేర్చుకోవాలి. అక్కడ మొదట 15,000 ఎకరాలన్నారు. తర్వాత 5,311 ఎకరాలన్నారు. రైతులు అడ్డం నిలబడ్డాక అది దాదాపు 2,700 ఎకరాలకు దిగింది. విమానం రెక్కల సైజు మారలేదు, రన్‌వే అవసరం మారలేదు. అడిగేవాడు అడిగాడు కాబట్టి ఎకరాలు తగ్గాయి. ఎన్ని ఎకరాలు కావాలని అధికారులు చెప్పినా, మొదట మనం అడగాల్సింది ‘ఎందుకన్ని?’ అని.

మా కోర్కెలు ఇవి. పాత 1,875 ఎకరాల్లో ప్రతి ఎకరం ఏమైందో శ్వేతపత్రం ప్రకటించాలి. అందులో వాడకుండా పడి ఉన్న ప్రభుత్వ భూమి ఏదైనా ఉంటే, భూమి పోయిన చిన్న రైతులకు భూమికి భూమిగా ఇవ్వాలి. కౌలు రైతులను, కూలీలను, సాదాబైనామా రైతులను గ్రామసభ ద్వారా గుర్తించి పునరావాసం ఇవ్వాలి. కొత్త రోడ్డు వేశాకే పాత రోడ్డు మూయాలి. విమానాశ్రయంలో వచ్చే పనుల్లో భూమి ఇచ్చిన కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చి, ముందు వరుసలో పెట్టాలి. ఎప్పుడైనా విమానాశ్రయం మూతపడితే భూమి తిరిగి రైతు వారసులకే చెందుతుందని ఒప్పందంలో రాయాలి. కంపెనీకి 25 ఏళ్ల హామీ రాసిచ్చిన చేతులకు ఇది రాయడం కష్టమేమీ కాదు.

చివరిది చిన్న కోరిక. టెర్మినల్ కట్టినప్పుడు గోడ మీద చరిత్ర రాస్తారు. నిజాం పేరు, మంత్రుల పేర్లు, శంకుస్థాపన తేదీ ఉంటాయి. అదే గోడ మీద నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడేపల్లి రైతులు ఇన్ని ఎకరాలు ఇచ్చారని కూడా రాయాలి. రామప్ప చూడటానికి వచ్చే మనిషి తాను ఎవరి చెలక మీద దిగాడో తెలుసుకొని పోతాడు.

విమానాశ్రయానికి మేము వ్యతిరేకం కాదు. మన పిల్లలు కూడా చదువులకు, కొలువులకు దూరదేశాలు పోతున్నారు. శంషాబాద్ దాకా మూడు నాలుగు గంటల ప్రయాణం తప్పితే మాకూ మేలే. కానీ ఆ ప్రయాణం ఎవరో ఒకరి బతుకు తెగ్గొట్టి సాగకూడదు. గ్రామ కమిటీలన్నీ ఈ నెల సమావేశంలో పై కోర్కెల మీద తీర్మానాలు చేసి మండల కేంద్రానికి పంపాలని, పాసుపుస్తకం లేని సాగుదారుల పేర్లను ఊరూరా రాసి సిద్ధం చేయాలని కోరుతున్నాం. జాబితా మన చేతిలో ఉంటేనే అధికారి ముందు మన మాట నిలబడుతుంది.